అన్న బండి, మళ్ళా అదే బండి కొనాల్నా?



పోయినసారి నేను రాసినదాంట్లో తప్పులు దిద్ది పంపినవాళ్ళకు ముందుగా వందనాలు. మీకు తెలిసిందే, నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు దిద్దుకున్నది ఉద్యోగంలో చేరినంక, జోలార్‌పేట రైల్వే క్వార్టర్సులో, రాత్రి డ్యూటీ లేని దినాల్లో. ఒత్తులు, దీర్ఘాలు ఈసారి కూడా తప్పిపోయుంటే మన్నించి చదవండి. విషయం మాత్రం మనలో చానామందికి పనికొచ్చేదే.

విషయం ఒక బండి. బొలెరో.

దీపావళికి నేను ఊరికి పోయినప్పుడు మా అన్న కొడుకు పక్కన కూర్చుని మెల్లగా అడిగినాడు: "చిన్నాయనా, బండి పాతదయిపాయ. మళ్ళా అదే కొత్తది తీసుకుందామా? పన్ను తగ్గించినారంట. నువ్వు కొంచెం చెయ్యి వేస్తే ఈ సంక్రాంతికి ఇంటి ముందర నిలబెడతా."

చెయ్యి వెయ్యడమంటే డబ్బు. రిటైరయినప్పుడు వచ్చినదాంట్లో నేను ముట్టకుండా పెట్టుకున్నది కొంత ఉండాది. అన్న పోయి మూడేండ్లాయ. అన్న కొడుకు నాకు కొడుకే. ఇంగ ఆలోచించేదేముంది? "అదే తీసుకో రా. దాన్ని మించిన బండి మన బాటకు లేదు" అనేసినాను.

నా మాట విని వాడు సంబరపడినాడు. వాడి పెండ్లాం, అంటే మా కోడలు, తలుపు దగ్గర నిలబడి విన్నది. ఏమీ అనలేదు. ఆ అమ్మాయి ఏమీ అనకుండా ఉండిందంటే లోపల ఏదో ఉండాదని అర్థం. అది తరవాత చెప్తాను.

మా ఊరు మీలో కొందరికి తెలుసు. డెంకణికోట దాటి అంచెట్టి పోయే దారిలో, అడివికి ఆనుకుని. చిన్నప్పుడు మాకు ఎద్దుల బండి, కాళ్ళు, రోజుకు రెండుసార్లు వచ్చే బస్సు, ఇంతే. బస్సు తప్పిపోతే ఆ దినం తప్పిపోయినట్టే. మా నాయనకు ఒకసారి జ్వరం ముదిరి మంచం మీద పెట్టి నలుగురు మోసుకుని బస్సు బాట దాకా తెచ్చినారు. అప్పుడు నాకు పదేండ్లు. లాంతరు పట్టుకుని ముందర నడిచింది నేనే.

2008లో అన్న బొలెరో కొన్నాడు. కొత్తదే. టమాటలో రెండు పంటలు వరసగా కలిసొచ్చిన కాలం. తెల్ల బండి, 2,523 సీసీ డీజిల్ ఇంజను, వెనక తలుపుకు తగిలించిన స్టెప్నీ చక్రం. పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినప్పుడు ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఆ పొద్దు నుంచి అది మా ఇంటి బండి కాదు, ఊరి బండి. పురిటి నొప్పులకు అదే, పాముకాటుకు అదే, పెండ్లికి అదే. ఒక రాత్రి మా అన్న కూతురికి నొప్పులు మొదలయి బయలుదేరితే, అడివి మలుపులో ఏనుగులు బాటకు అడ్డంగా నిలబడినాయంట. అన్న లైట్లు ఆపేసి, ఇంజను ఆపేసి, ముక్కాలు గంట అట్లే కూర్చున్నాడు. అవి పోయినంక తాళం తిప్పితే ఒక్క తిప్పుకే స్టార్టయింది. అన్న ఈ కథ ఎన్నిసార్లు చెప్పినాడో లెక్కలేదు. ప్రతిసారీ చివర్లో ఒకటే మాట: "ఆ ఒక్క తిప్పు కోసమే నేను దీనికి అన్ని లక్షలు పోసింది."

అందుకే "అదే కొను" అని నా నోట వెంటనే వచ్చింది. నేను బండి గురించి మాట్లాడలేదు. అన్న గురించి మాట్లాడినాను. ఇంటికి వచ్చినంక గానీ ఆ సంగతి నాకు తెలియలేదు.

నేను ముప్పై ఎనిమిదేండ్లు గుమాస్తా పని చేసినవాణ్ణి. ఎక్కువ కాలం పార్సిల్ ఆఫీసులో. లెక్క చూడకుండా సంతకం పెడితే నాకు నిద్ర పట్టదు. కాబట్టి కూర్చుని, ఈ బండి సంగతేంది అని ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితమే మీ ముందర పెడుతున్నాను.

ముందు బండి. మహీంద్రా వాళ్ళు 1947 నుంచి మన దేశంలో జీపులు కూర్చి అమ్మినవాళ్ళు. ఆ జీపు వంశంలోనిదే బొలెరో. 2000లో వచ్చింది. పాతికేండ్లాయ. దాంతో పాటు బాట మీద తిరిగిన టాటా సుమో 1994లో వచ్చి 2019లో నిలిచిపోయింది. మారుతి జిప్సీ 1985లో వచ్చి ముప్పై మూడేండ్లు తిరిగి అదీ నిలిచిపోయింది. అంబాసిడర్ 2014లో పోయింది. బొలెరో మాత్రం అదే పెట్టె ఆకారంతో, అదే నిటారు అద్దంతో ఇంకా అమ్ముతా ఉండాది.

ఎందుకు నిలబడింది? దాని కట్టుబడి అట్లాంటిది. ఇది రైల్వే వాళ్ళకు సులభంగా అర్థమవుతుంది. గూడ్సు వాగను చూసిండారు కదా. కింద బలమైన ఇనుప చట్రం ఒకటి, దాని మీద పెట్టె. బొలెరో అంతే. కింద నిచ్చెన లాంటి చాసిస్, దాని మీద రేకు శరీరం. గుంతలో పడినా దెబ్బ చాసిస్ తింటుంది. వెనక పక్క లారీకి ఉన్నట్టు పట్టీల స్ప్రింగులు. ఇంజను ముందర, తోసేది వెనక చక్రాలు. బరువు వేస్తే వెనక చక్రాలకు పట్టు పెరుగుతుంది. నేలకు, బండి అడుగుకు మధ్య 180 మిల్లీమీటర్ల సందు. ఇప్పటి ఇంజను 1,493 సీసీ, 75 హార్స్‌పవరు. పరుగుకు అది గొప్ప కాదు, గానీ తక్కువ వేగంలో లాగే బలం బాగుంటుంది. ఘాటు ఎక్కేవాడికి కావల్సింది అదే.

ఒక భ్రమ మాత్రం తీసేసుకోవాల. చానామంది బొలెరో అంటే ఏ బాటలోనైనా పోయే బండి అనుకుంటారు. పాత బొలెరోల్లో నాలుగు చక్రాలూ లాగే రకం కూడా అమ్మినారు. మాది అది కాదు. ఇప్పుడు షోరూములో ఉన్న బొలెరో కూడా వెనక చక్రాలతోనే పోయేది. వానాకాలం మా చేనుదారి బురదలో ఖాళీ బండి వెనక పక్క జారుతుంది. అందుకే అన్న జూన్ నుంచి నవంబరు దాకా వెనకాల రెండు రాగి మూటలు పడేసుకుని తిరిగేవాడు. బురద నుంచి గట్టెక్కించింది సగం బండి, సగం ఆ మూటలు.

ఇంకొక భ్రమ, ఈ బండి మారలేదు అనేది. నేను లెక్క వేసి చూస్తే మారింది. 2016లో పొడవు నాలుగు మీటర్ల లోపలికి తగ్గించి, చిన్న ఇంజను పెట్టిన రకం తెచ్చినారు. చిన్న బండ్లకు పన్ను తక్కువ కాబట్టి. 2020 ఏప్రిల్లో బీఎస్ 6 పొగ చట్టం వస్తే ఇంజను మళ్ళా మారింది. 2019లో ఏబీఎస్ బ్రేకు, డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు, 2022 నాటికి పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగు వచ్చినాయి, చట్టం అడిగింది కాబట్టి. 2025లో ముందర ముఖం కొంచెం మార్చి, లోపల టచ్‌స్క్రీను పెట్టినారు. ఆ సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు, 1500 సీసీ దాటని డీజిల్ బండ్లకు జీఎస్టీ 18 శాతానికి దిగింది. మావాడు చెప్పిన పన్ను తగ్గింపు అదే. అంటే సర్కారు అడిగిన చోట మారింది, కొనేవాడు అడగని చోట మారలేదు. మనం అడగలేదు. మనకు కావల్సింది ఆ ఒక్క తిప్పు, అంతే.

తరవాత దినం డెంకణికోటలో మా మెకానిక్ భాయి షెడ్డుకు పోయినాను. మా బండి పదిహేడేండ్లుగా ఆయన చేతిలోదే. ఆయన నా మాట విని నవ్వినాడు. "సార్, మీరు బండి నమ్మకం అంటారు. నిజం చెప్పాలంటే ఆ నమ్మకం బండిలో సగం, ఈ షెడ్డులో సగం. ప్రతి ఊర్లో దీని సామాను దొరుకుతాది, ప్రతి షెడ్డులో దీన్ని విప్పి బిగించే పిల్లోడు ఉంటాడు. అందుకే ఇది నిలవదు."

ఆ మాట నాకు బాగా నచ్చింది. చెడిపోని బండి ఏదీ లేదు. చెడిపోతే పొద్దుగుంకే లోపల బాగయ్యే బండిని మనం నమ్మకమైన బండి అంటాము. అడివి అంచున ఉండేవాడికి ఆ తేడా చిన్నది కాదు.

"మరి కొత్తది?" అని అడిగినాను.

"కొత్తది మంచిదే సార్. గానీ అది పాతది కాదు. మీ పాత ఇంజను నేను చెవితో విని చెప్తా. కొత్తదానికి సెన్సార్లు. కంప్యూటరు పెట్టి చూడాల. చిన్న పనులు నేనే చేస్తా, పెద్దది వస్తే హోసూరుకు పోవాల్సిందే. మీరు పేరు చూసి అదే బండి అనుకుంటా ఉండారు."

ఇంటికి వచ్చి బండి డ్యాష్‌బోర్డులో అన్న పెట్టుకునే నోటు పుస్తకం బయటికి తీసినాను. అన్నకు ఒక అలవాటు. బండి తీసిన ప్రతిసారీ తేదీ, కిలోమీటరు, డీజిలు, ఎక్కడికి, ఎవరెవరు, అన్నీ రాసేవాడు. భాష తెలుగు, అక్షరాలు తమిళం. మా తరంలో చానామంది ఇండ్లలో ఇట్లాంటి పుస్తకాలు ఉంటాయి. తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం కదా. అన్న "బాట బాగలేదు" అని రాసినది తమిళం మాత్రమే వచ్చినవాడు చదివితే "పాడ పాగలేదు" అవుతుంది. చదివి నేను ఒంటరిగా నవ్వుకున్నాను. కాసేపటికి కండ్లద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఆ పుస్తకాలు మొత్తం ఐదు. అన్న పోయినంక కూడా వాడి కొడుకు రాస్తానే ఉండాడు, వాడూ తమిళ అక్షరాల్లోనే. గుమాస్తా బుద్ధి ఊరుకుంటుందా? 2009 లెక్క తీసినాను. ఆ సంవత్సరం బండి తీసినది 214 సార్లు. అందులో హైవే ఎక్కినది 23 సార్లు. మిగతావన్నీ చేను, డెంకణికోట, అంచెట్టి, కెలమంగలం, రాయకోట టమాట మార్కెట్టు. తరవాత 2024 లెక్క తీసినాను. మొత్తం 187 సార్లు. హైవే ఎక్కినది 96 సార్లు.

నేను రెండుసార్లు కూడి చూసినాను. 96 నిజమే.

ఆలోచిస్తే కారణాలు కండ్ల ముందరే ఉండాయి. పెద్ద మనవరాలు హోసూరులో చదువుతా ఉంది. మా వదినకు కండ్ల వైద్యం బెంగళూరులో. బియ్యం, మందులు, పెండ్లి బట్టలు, అన్నీ ఇప్పుడు హోసూరు, కృష్ణగిరి. ఊరి బాట కూడా ముందరిలాగా లేదు, చేనుదారి తప్ప మిగతాది తారు పడింది. మేము అనుకునేది మాత్రం ఇంకా 2009లోనే ఉండాము. బాట మారిపోయింది, బండి అదే, మా మాట కూడా అదే.

ఇప్పుడు కోడలి సంగతికి వస్తాను. ఆ పొద్దు రాత్రి సంగటి పెడతా, నెమ్మదిగా అడిగింది: "మామా, ఆ బండిలో మీరు ఎక్కడ కూర్చుంటారు?"

"ముందర సీట్లో" అన్నాను.

"పిల్లోల్లు?"

నా చెయ్యి తట్టలోనే నిలిచిపోయింది.

తెలియనివాళ్ళకు చెప్తాను. బొలెరోలో వెనకాల రెండు చిన్న సీట్లు ఎదురెదురుగా, పక్కకు తిరిగి ఉంటాయి. మా బండిలో వాటికి బెల్టు లేదు. ఇద్దరు కూర్చోవాల్సిన ఆ చోట మేము ఐదుగురు పిల్లల్ని కుక్కేవాళ్ళం. 2019లో కృష్ణగిరిలో పెండ్లికి పోతా ఉన్నాము. ఏడుగురి బండిలో పదముగ్గురం. "పిల్లలు వెనకాల సర్దుకుంటారు లే" అన్నది ఎవరో కాదు, నేనే. నేను ముందర సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాను, అన్న నడుపుతా ఉండాడు. సూళగిరి దాటినంక ముందర పోయే లారీ ఉన్నట్టుండి ఆగింది. అన్న గట్టిగా బ్రేకు వేసినాడు. బండి నిలిచింది, లారీని తాకలేదు. గానీ వెనకాల పిల్లలు ఒకరి మీద ఒకరు జారి వచ్చి సీటు ఇనుముకు కొట్టుకున్నారు. ఏడేండ్ల మనవడికి నుదురు పగిలి నాలుగు కుట్లు పడినాయి. ఇప్పటికీ ఆ గీత ఉండాది.

ఇందులో తప్పు బండిది అని నేను చెప్పను. బ్రేకు పని చేసింది. అన్నదీ కాదు. ఏడుగురి బండిలో పదముగ్గురిని ఎక్కించిన మాదే తప్పు, అందులో మొదటి తప్పు నాది. గానీ ఆ దినం నుంచి మేము ఇంట్లో చెప్పుకునే కథ ఏంది? "అన్న సమయానికి బ్రేకు వేసినాడు, బండి గట్టిది కాబట్టి బతికినాము." నుదుటి మీద కుట్ల కథ ఎవరూ చెప్పరు. ఆ పిల్లోడి తల్లి మాత్రం మరిచిపోలేదు.

రాత్రి నిద్ర పట్టక పడుకున్నప్పుడు నాకు మా రైలు పెట్టెలు గుర్తుకొచ్చినాయి.

పెరంబూరు ఐసీఎఫ్ ఫ్యాక్టరీ 1955లో మొదలయింది. స్విట్జర్లాండు వాళ్ళ నమూనాతో ఉక్కు పెట్టెలు చేసినారు. అంతకుముందు కింద ఇనుప చట్రం, పైన చెక్క పెట్టె ఉండే కాలం. ఐసీఎఫ్ పెట్టెలో చట్రం, శరీరం రెండూ ఒకటే. అప్పటికి అది పెద్ద ముందడుగు. ఆ నీలం పెట్టెలు, అంతకుముందు ఎర్ర పెట్టెలు, మీరందరూ ఎక్కినవే. అరవై ఏండ్లకు పైగా ఆ నమూనానే చేసినారు. ఏ షెడ్డులో అయినా బాగు చేస్తారు, ఏ స్టోరులో అయినా సామాను దొరుకుతుంది. భాయి చెప్పిన మాటే, అచ్చం అదే. మా రైల్వే వాళ్ళకు ఆ పెట్టె అంటే ప్రాణం.

2000 ప్రాంతంలో జర్మనీ నుంచి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వచ్చినాయి. మాలో చానామందికి నచ్చలేదు. కుదుపు ఎక్కువ అన్నాము, పాతదే మేలు అన్నాము. నేను కూడా అన్నాను, పార్సిల్ ఆఫీసు బల్ల మీద గుద్ది మరీ అన్నాను. అప్పుడు మెకానికల్ డిపార్టుమెంటు సూపర్‌వైజరు ఒకాయన నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు: "అయ్యా, పాత పెట్టె బాగా పోతుంది, ఎవరు కాదన్నారు? గుద్దుకున్నప్పుడు పాత పెట్టె ఒకదాని మీద ఒకటి ఎక్కిపోతుంది. కొత్తది ఎక్కకుండా దాని కప్లింగు పట్టుకుంటుంది. పోవడం ఒక లెక్క, కాపాడడం ఒక లెక్క." 2018 జనవరిలో పెరంబూరులో ఆ పాత నమూనా చెయ్యడం ఆపేసినారు. నేను ఆ మరుసటి సంవత్సరం రిటైరయినాను.

పోవడం ఒక లెక్క, కాపాడడం ఒక లెక్క. ఇన్నేండ్లూ మేము బొలెరోకు మొదటి లెక్క వేసి, రెండో లెక్కకు కూడా అదే మార్కులు ఇచ్చేసినాము. గట్టి రేకు ఉంటే మనిషి గట్టిగా ఉంటాడని అనుకున్నాము. నిజానికి గుద్దుకున్నప్పుడు బండి ముందర భాగం తాను నలిగి ఆ దెబ్బను మింగాల. మనుషులు కూర్చునే చోటు నలగకూడదు. బెల్టు మనిషిని పట్టుకోవాల. ముందర చూసి కూర్చున్నవాణ్ణి పట్టుకున్నట్టు, పక్కకు తిరిగి కూర్చున్నవాణ్ణి ఏ బెల్టూ సరిగ్గా పట్టుకోలేదు.

బొలెరో నియో అని 2021లో ఇంకొకటి వచ్చింది. పేరు కలుస్తుంది గానీ అది వేరే బండి. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు దాన్ని గుద్ది చూస్తే ఐదుకు ఒక స్టారే వచ్చింది. అదే కంపెనీ ఎక్స్‌యూవీ 700కు ఐదు వచ్చినాయి. నియో లెక్కను బొలెరో మీద రుద్దడం న్యాయం కాదు. నేను చెప్పేది ఒకటే: చెయ్యడం రాక కాదు, కొనేవాడు అడగక. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష ఉండాది. షోరూములో మైలేజీ ఎంత అని అడిగే నోటితోనే, ఎన్ని స్టార్లు అని కూడా అడగండి.

అయితే ఇప్పటికి కూడా బొలెరో కొనదగినదా? నా కాగితం చివర్లో రాసుకున్న జవాబు ఇది.

మీకు ఇంట్లో బండి లేదు, చేను కొండ మీద ఉండాది, నెలలో ఇరవై ఐదు దినాలు మట్టిబాట, సామాను మోత, హైవే ఎప్పుడో ఒకసారి. అయితే కొనండి, నిశ్చింతగా కొనండి. ఆ పనికి ఆ ధరలో అంత సులభంగా బాగయ్యే బండి నాకు కనపడలేదు. ఐదుగురే ఎక్కండి, వెనక సీట్లు మడిచి టమాట బాక్సులు పెట్టుకోండి. బాక్సులకు కుట్లు పడవు.

మీ కిలోమీటర్లలో సగం హైవే, ఇంట్లో చిన్న పిల్లలు ఉండారు, వాళ్ళు వెనకాలే కూర్చోవాల. అయితే అన్న బండి, నాయన బండి అనే ప్రేమతో కొనకండి. ప్రేమ వేరే చోట చూపించండి.

మా ఇంటి సంగతి ఈ రెండింటికీ మధ్యలో ఉండాది. సగం చేను, సగం హైవే. అక్కడ నాకు ఒక చిన్న మాట తట్టింది. బండి మారలేదు, అదే బండి అంటున్నాము. అదే అయితే కొత్తది ఎందుకు? పాతది ఇంట్లోనే ఉండాది కదా!

మళ్ళా భాయి దగ్గరికి పోయి బండిని పైకెత్తి చూపించమన్నాను. ఎరువు మూటలు మోసి మోసి తలుపుల అడుగున తుప్పు పట్టింది. కాయలు మోసే బండి అట్లే ఉంటుంది. చాసిస్ మాత్రం సుత్తితో తట్టి చూపించినాడు, గట్టిగా మోగింది. పదిహేనేండ్లు నిండినప్పుడు, 2023లో, ఎఫ్‌సీ చేయించి ఆర్‌సీ ఐదేండ్లకు తిరగరాయించినాము. 2028 దాకా కాగితం ఉండాది. క్లచ్చు, స్ప్రింగు పట్టీలు, బ్రేకులు, తుప్పు పని, అన్నీ కలిపి అరవై వేలు అవుతుందన్నాడు.

ఇంటికి వచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పినాను. పాత బండి చేనుకు ఉండనీ, బాగు చేయించు, ఆ అరవై వేలు నేనిస్తాను. హైవేకి, పిల్లోల్లకు వేరే చిన్న కారు తీసుకో, స్టార్లు చూసి తీసుకో, అందరూ ముందుకు చూసి కూర్చునేది, అందరికీ బెల్టు ఉండేది. దానికి కూడా నా చెయ్యి ఉంటుంది. పదిమంది పోవాలంటే రైలు ఉండాది, బస్సు ఉండాది.

మావాడి ముఖం చిన్నబోయింది. "ఊర్లో అందరికీ కొత్త బొలెరో అని చెప్పేసినా చిన్నాయనా. చిన్న కారు తెస్తే ఏమనుకుంటారు? మా నాయన బండి పోయె, వీడు డబ్బాకారు తెచ్చె అంటారు." వాడి మాటలో తప్పు లేదు. మా పక్క బొలెరో అంటే ఇంటి మర్యాద. అది ఇంటి ముందర నిలబడితే పంచాయితీలో కుర్చీ వేస్తారు. ఇది నేను ఏ లెక్కలోనూ రాసుకోలేదు, గానీ అదీ ఒక లెక్కే.

అప్పుడు మా వదిన, ఇంతసేపు గోడకు ఆనుకుని కూర్చున్నది, ఒకటే మాట అన్నది: "మీ నాయన బండి ఎక్కడ పోయె రా? అది చేనికాడ తిరుగుతానే ఉంటాది కదా. నడిచేదాన్ని నడవనీ. కండ్లు కనపడని ముసిల్దాన్ని నేను, నాకు ఎక్కను దిగను ఎత్తు తక్కువ ఉండే బండి తీసుకురా."

దాంతో మాట ముగిసింది. నేను నాలుగు దినాలు కూడి తీసేసి చెప్పినదాన్ని ఆమె ఒక గుక్కలో చెప్పింది. కోడలు ఆ పొద్దు కూడా ఏమీ అనలేదు. గానీ నాకు రెండోసారి మజ్జిగ పోసింది.

ఏ కారు తీసుకున్నారో ఇక్కడ రాయను, ఇది ప్రకటన కాదు. సంక్రాంతికి వస్తుంది. పాత బండి భాయి షెడ్డులో పని ముగించుకుని పోయిన వారం ఇంటికి చేరింది. మావాడు ఫోన్ చేసి చెప్పినాడు, ఒక్క తిప్పుకే స్టార్టయిందంట. వాడి గొంతులో అన్న గొంతు వినపడింది.

నోటు పుస్తకాలు ఇప్పుడు రెండు అవుతాయి, ఒకటి పాత బండికి, ఒకటి కొత్త కారుకు. కొత్తదాంట్లో తెలుగు అక్షరాలతోనే రాయమని మనవడికి చెప్పినాను. నుదుటి మీద గీత ఉన్నవాడే. మన సంఘం ఆదివారం క్లాసుకు వస్తా ఉండాడు కదా. "బాట బాగుంది అని రాస్తా తాతా, బ కి తలకట్టు ఉంటాదా?" అని అడిగినాడు. నాకే అనుమానం వచ్చి పుస్తకం తీసి చూసి చెప్పినాను. తెలిసినవాళ్ళు నవ్వకండి.

మీలో ఎవరింట్లో అయినా పాత బొలెరో, సుమో, జీపు ఉంటే, కొత్తది కొనే ఆలోచన ఉంటే, ఒక నెల లెక్క రాసి చూడండి. ఎన్నిసార్లు మట్టిబాట, ఎన్నిసార్లు హైవే, వెనకాల ఎవరు కూర్చున్నారు. ఆ మూడో ప్రశ్న మా ఇంట్లో అడిగింది కోడలు. మీ ఇంట్లో మీరే అడగండి. మీ లెక్కలు కింద రాయండి, నేను కూడి చెప్తాను. రిటైరయినా ఆ పని ఇంకా మరిచిపోలేదు.